బేరం కుదిరాక ఇంకో సంతా?

కార్లైల్,
జనవరి 9

తాతా,

గాలికి తెగిన నీ ఫోను తీగని బాగుచెయ్యమని నువ్వు ఇంతవరకూ ఎవరినీ అడగలేదని అమ్మ నిన్న కనిపెట్టింది. దానికి తిట్లు వేరే కవర్లో వస్తున్నాయి. ఇది నా ఉత్తరం, దీన్ని ముందు చదువు.

మంచి కబురు ఏమిటంటే, పశువైద్యం చదవడానికి ఉత్తరాది యూనివర్సిటీ నాకు సీటు ఇస్తానంది! వేసవి పరీక్షల్లో మూడు సబ్జెక్టుల్లోనూ పై గ్రేడు తెచ్చుకోవాలి, అంతే. అక్కణ్ణుంచి మీ లోయకి రైల్లో రెండు గంటలు. గొర్రెలు ఈనే రోజుల్లో శనాదివారాలు నీ దగ్గరికి వచ్చేయొచ్చు.

చెడ్డ కబురు ఏమిటంటే, దక్షిణాది యూనివర్సిటీ కూడా ఇంటర్వ్యూకి రమ్మని రాసింది. పేరు గొప్పది, దూరం ఇంకా గొప్పది. సీటు చేతిలో ఉండగా ఇంకో ఇంటర్వ్యూకి పోవడం దేనికి చెప్పు? మొన్న ఉత్తరాదిలోనే ఆవు పొట్ట గురించి అడిగితే నాకు నోరు పెగల్లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను. రాత్‌బోన్ అనే ప్రొఫెసరమ్మ జాలిపడి గొర్రెల గురించి అడగబట్టి గట్టెక్కాను. బయటికొచ్చేటప్పుడు ఆవిడ చెయ్యి కలిపి మరీ పంపింది. అదృష్టం ఒకసారి వస్తుంది, రెండోసారి రమ్మంటే వస్తుందా?

అమ్మ వెళ్ళమంటుంది. మా టీచరు మిస్ హాలమ్ వెళ్ళమంటుంది. వాళ్ళు అంటున్న కొద్దీ నాకు వెళ్ళబుద్ధి కావడం లేదు. నువ్వొక్కడివి వద్దని రాయి, నేను హాయిగా మానేస్తాను.

నీ మనవరాలు, సగం పశువుల డాక్టరు,
హెస్టర్

తా.క.: ఇదంతా ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా పోస్ట్‌మ్యాన్ నార్మన్‌కి.


బ్రాక్‌గిల్,
జనవరి 12

హెస్టర్ పిల్లా,

నీ ఉత్తరం అందింది. సీటొచ్చిన సంగతి మన కుక్క నెల్‌కి కూడా చెప్పాను. తోక ఊపింది. అదీ నాలాగే, ఏమీ అర్థం కాకపోయినా సంతోషించే రకం.

ఇక నీ ధర్మసందేహం. ఇందులో సందేహం ఏముందే? ఆ ప్రొఫెసరమ్మ చెయ్యి కలిపిందని నువ్వే రాశావు. నువ్వూ కలిపే ఉంటావు. అయిపోయింది, బేరం కుదిరింది, నువ్వు అమ్ముడుపోయావు! చేతిలో చెయ్యి పడ్డాక అదే జీవాన్ని ఇంకో సంతకి తోలుకెళ్ళినవాడు మన వంశంలో లేడు. మా పెదనాన్న ఓసారి తాగిన మత్తులో చెయ్యి కలిపి బంగారం లాంటి పొట్టేలుని సగం ధరకి ఇచ్చేశాడు. చచ్చేదాకా ఆ పొట్టేలుని తలుచుకుని ఏడ్చాడు గాని మాట తిప్పలేదు.

కాబట్టి వెళ్ళకు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఈత వచ్చినవాడైనా మునుగుతాడు.

ఇట్లు, ఇచ్చిన మాట తప్పని
తాత

తా.క.: నార్మన్‌కి నేనేమీ చెప్పలేదు. కళ్ళజోడు కనిపించక నీ ఉత్తరం వాడి చేత చదివించుకున్నాను, అంతే.

ఇంకో తా.క.: అమ్మినవాడు కొన్నవాడికి కలిసిరావాలని ఎంతో కొంత తిరిగి ఇచ్చుకోవడం మన సంత ఆచారం. డబ్బిస్తే బాగుండదని ఆ ప్రొఫెసరమ్మకి ఒక గొర్రె తొడ పంపాను. గుడ్డలో గట్టిగానే చుట్టాను, కారదు.


కార్లైల్,
జనవరి 15

తాతా! తాతా! తాతా!

నేను గొర్రెని కాను. ఈ ముక్క ఉత్తరంలో రాయాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

చెయ్యి కలపడం మర్యాద. ఆ రోజు వచ్చిన వాళ్ళందరితోనూ ఆవిడ చెయ్యి కలిపింది. నీ లెక్కన మంద మందనే కొనేసినట్టు! పైగా వాళ్ళిచ్చింది షరతు మీద. గ్రేడులు రాకపోతే వాళ్ళే వద్దంటారు. అందుకే నేను ఎన్ని ఇంటర్వ్యూలకైనా వెళ్ళొచ్చు, అన్నిచోట్లా తేలాక ఏది కావాలో నేనే చెప్పొచ్చు. ఇది తప్పూ కాదు, మోసమూ కాదు, మిస్ హాలమ్‌ని రెండుసార్లు అడిగాను.

అంటే వెళ్తానని కాదు. నాకు వెళ్ళాలని లేదు. కానీ మానేస్తే నాకిష్టం లేక మానెయ్యాలి గాని, అమ్ముడుపోయానని మానేస్తే ఎలా?

ఇక ఆ తొడ సంగతి. అడ్మిషన్ల ఆఫీసుకి మాంసం పంపితే దాన్ని లంచం అంటారు తాతా. దయచేసి ఇంకేమీ చెయ్యకు. ఊరికే కూచో. నీకు ఊరికే కూచోవడం చేతకాదని తెలిసే అడుగుతున్నాను.

ఇంకా అమ్ముడుపోని
హెస్టర్

తా.క.: నీ ఉత్తరం చదివి అమ్మ నవ్వి నవ్వి, రమ్ము కలిపిన వెన్న గిన్నె కింద పడేసుకుంది. ఆ వెన్న నీ కోసం చేసిందే.


బ్రాక్‌గిల్,
జనవరి 19

హెస్టర్ పిల్లా,

షరతు ఉందని ముందే చెప్పొద్దూ! వేసవిలో పళ్ళు లెక్కపెట్టి నచ్చితేనే తీసుకుంటానన్నవాడు కొన్నట్టు కాదు. ఒప్పుకున్నాను. నువ్వు అమ్ముడుపోలేదు.

అయినా వెళ్ళకు. ఎందుకంటే దక్షిణాది వాళ్ళు నిన్ను ఎలాగూ తీసుకోరు. మనది కొండ జాతి. రాళ్ళ మధ్య గడ్డి ఏరుకు తిని బతకడం వచ్చు గాని, మెత్తటి పచ్చికలో నిలబడి అందంగా కనపడడం రాదు. అక్కడ అందరూ నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నట్టు మాట్లాడతారట. నీ యాస విని నవ్వుతారు. నీకు మళ్ళీ నోరు పెగలదు. కిటికీ ఎటుందో చూసుకుంటావు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

నువ్వు బెంగపడకు, నేను పక్కాగా ఏర్పాటు చేశాను. "మా పిల్ల ఇంకే సంతకీ పోదు, పూచీ నాది" అని ప్రొఫెసరమ్మకి జాబు రాశాను. కింద వేలిముద్ర కూడా వేశాను, సంతకం కంటే నమ్మకంగా ఉంటుందని.

నీ మేలు కోరే
తాత

తా.క.: చర్చి ఆడవాళ్ళు ఉత్తరాది యూనివర్సిటీ రంగుల్లో నీకో మఫ్లరు అల్లుతున్నారు. అప్పుడే మూడు గజాలైంది. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియడం లేదు.

ఇంకో తా.క.: వాళ్ళకి నేను చెప్పలేదు. నార్మన్ చెప్పాడు.


కార్లైల్,
జనవరి 22

గౌరవనీయులైన తాతగారికి,

గౌరవం ఎందుకంటే నాకు చాలా కోపంగా ఉంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. నిన్ను సలహా అడిగాను. అడిగినందుకు నన్ను అమ్మావు, మాంసం పంపావు, ఇప్పుడు నా తరఫున పూచీ కూడా పడ్డావు. నేను ఎక్కడికి పోతానో పోనో మాటివ్వడానికి నువ్వెవరు? వేలిముద్ర ఒకటా! నువ్వు రోజూ పేపరంతా చదివి దాని మీద సంపాదకుడికి ఉత్తరాలు కూడా రాస్తావు కదా!

ఇంకో మాట. నా యాస విని నవ్వుతారా? నవ్వనీ. నాకు నోరు పెగలదా? నేను వాళ్ళ కంటే తక్కువా? పాలు తాగడం రాని గొర్రెపిల్లకి గొట్టం వేసి పాలు పట్టడం నాకు వచ్చు, అడ్డం తిరిగిన పిల్లని లోపల చెయ్యి పెట్టి సరిచేసి లాగడం వచ్చు. వేడి బంగాళాదుంప వాళ్ళలో ఎంతమందికి వచ్చో నేనూ చూస్తాను.

టికెట్టు కొన్నాను. వెళ్తున్నాను. నన్ను ఆపాలని ఇంకో ఉత్తరం రాయకు.

ఇట్లు,
ఎవరి మందలోనూ లేని
హెస్టర్

తా.క.: చలి ముదిరిందట. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకో. కోపం తగ్గిందని కాదు.


బ్రాక్‌గిల్,
జనవరి 26

హెస్టరూ,

వెళ్ళకు. ఇదే ఆఖరి మాట.

వెళ్తే మాత్రం ఒకటి గుర్తుంచుకో. తెలియనిది అడిగితే తెలియదని చెప్పు. ముసలి గొర్రెకి పళ్ళన్నీ ఉన్నాయని చెప్పి అమ్మినవాడు మళ్ళీ ఆ సంతలో మొహం చూపించలేడు. తెలిసింది అడిగితే మెల్లగా చెప్పు, నువ్వు తొందరపడితే మీ అమ్మలాగా ముక్కుతో మాట్లాడతావు. పొద్దున ఏదైనా తిని వెళ్ళు.

కానీ వెళ్ళకు.

తాత

తా.క.: ఈ కవర్లో ఎర్ర రిబ్బను పెట్టాను. మన మంద గుర్తు ఎడమ భుజం మీద ఎర్ర గీత కదా, కోటుకి అక్కడే కుట్టుకో. తప్పిపోయిన జీవాన్ని గుర్తు చూసి సొంతదారుకి అప్పగించడం ఇక్కడి మర్యాద. దక్షిణాదిలో ఆ మర్యాద ఉందో లేదో తెలియదు, అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి.


కార్లైల్,
ఫిబ్రవరి 20

తాతా,

వెళ్ళొచ్చాను. నువ్వు కావాలనే అడగలేదు, నేనూ కావాలనే ఆలస్యం చేశాను. ఇప్పుడు చెప్తాను.

ముగ్గురు కూచున్నారు. మొదటి ప్రశ్నే, "మీకు వేరేచోట సీటు ఉంది కదా, ఇంత దూరం ఎందుకు వచ్చారు?" అని. నిజం బయటికి వచ్చేసింది. "మా తాత నన్ను అమ్మేశాడండీ, అమ్ముడుపోలేదని చూపించడానికి వచ్చాను" అన్నాను. ఒకాయనకి టీ పొలమారింది. ఆ తర్వాత గుర్రం గుండె గురించి అడిగారు. తెలియదన్నాను. నేలేమీ చీలలేదు. "తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెడతారు?" అన్నారు. అక్కడ మొదలైంది మాట, గడియారం చూసి వాళ్ళే ఆపాల్సి వచ్చింది. నా యాసకి ఎవరూ నవ్వలేదు. నవ్వినప్పుడు నాతో కలిసి నవ్వారు.

నిన్న ఉత్తరం వచ్చింది. వాళ్ళూ సీటిచ్చారు, అవే గ్రేడుల మీద. తాతా, నాకు ఆ చోటు నచ్చింది. నచ్చకూడదని ఎంతో ప్రయత్నించాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మాంసానికీ, పూచీకీ క్షమాపణ అడుగుదామని పొద్దున ఉత్తరాది యూనివర్సిటీకి ఫోను చేశాను. గుమాస్తా వెతికి వెతికి ఏమీ రాలేదంది. చివరికి ప్రొఫెసర్ రాత్‌బోనే ఫోను తీసుకుంది. "నాకెవరూ ఎప్పుడూ గొర్రె తొడ పంపలేదమ్మా, పంపితే బాగుణ్ణు" అంది. వేలిముద్ర జాబు కూడా చూడలేదట. నాలుగుచోట్లా తిరిగి చూసుకోని పిల్లల్ని చూస్తేనే తనకి అనుమానమట.

ఏం చేశావు తాతా? నిజం చెప్పు. అది చెప్పాక ఇంకోటి కూడా నిజంగా చెప్పు. రెండు సీట్లూ చేతిలో ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళమంటావు?

నీ
హెస్టర్

తా.క.: రిబ్బను కుట్టుకున్నాను. కోటు లోపలి పక్క.


బ్రాక్‌గిల్,
ఫిబ్రవరి 24

నా బంగారు హెస్టర్,

ఆ తొడని నేనూ నార్మనూ బంగాళాదుంపలతో కలిపి తినేశాం. బాగా ఉడికింది. ప్రొఫెసరమ్మకి నేను ఒక్క ముక్కా రాయలేదు. షరతులంటే ఏమిటో, ఎన్నిచోట్లకి వెళ్ళొచ్చో నాకు ముందునుంచీ తెలుసు. మీ అమ్మ చదువుకునేటప్పుడు ఆ కాగితాలన్నీ చదివింది నేనే. చర్చి ఆడవాళ్ళ మఫ్లరు మాత్రం నిజం. ఇప్పుడది వంటింటినుంచి గొర్రెల దొడ్డిదాకా వస్తుంది.

నీ మొదటి ఉత్తరంలో దూరం గురించి రాశావు గాని నాకు కనపడింది భయం. రెండోసారి వెళ్తే మొదటిసారి గెలిచింది అదృష్టమే గాని నువ్వు కాదని తేలిపోతుందని భయం. ఆ భయం మీద సంతకం పెట్టమని నన్నడిగావు. పెట్టలేకపోయాను. పోనీ వెళ్ళమందామా అంటే, ఆ పని మీ అమ్మా టీచరూ ముందే చేసి చెడగొట్టారు. గొర్రెని గేటులోకి వెనకనుంచి నెడితే నాలుగు కాళ్ళూ నేలలో పాతేస్తుంది. అదే నువ్వు గేటుకి అడ్డంగా నిలబడి, చేతులు చాపి, పోనివ్వనన్నావనుకో, నీ చంక కిందనుంచి దూరి మరీ పోతుంది. అందుకే అడ్డం నిలబడ్డాను. నీ యాస గురించి ఆ మాటలు రాసిన రోజు నాకు అన్నం సయించలేదు. నీ యాస నా యాసేనే పిల్లా.

నాకు చాలా గర్వంగా ఉంది. ఇది మామూలుగా ఉత్తరాల్లో రాయను, అందుకని ఒక్కసారే రాస్తున్నాను.

ఇక రెండోది. నిజం చెప్పమన్నావు గనక చెప్తున్నాను. ఉత్తరాదికే రా. నాకు దగ్గరగా ఉంటావు, శనివారం పొద్దున రైలు దిగుతావు, గొర్రెలు ఈనేటప్పుడు నా పక్కన నువ్వుంటావు. నాకు కావాల్సింది అదే, ఇందులో ఏ మాయా లేదు.

ఇదంతా రాసి, మళ్ళీ చదువుకున్నాను. ఈసారి దక్షిణాది గేటుకి అడ్డం నిలబడ్డానో, పక్కకి తప్పుకున్నానో నాకే తెలియడం లేదు.

తాత