నేలగీత కింద కాళ్ళు

ముంబయి,
ఆదివారం, బట్టలు ఆరని పూట.

రత్నక్కకు గిరిజ దండాలు.

నేను ఇక్కడ బాగున్నాను అని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒళ్ళు బాగుంది. మనసు సంగతి కింద రాస్తాను. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మగ్గం గుంటలో చెమ్మ చేరితే కింద గోనెపట్టా మార్చమని బావకు చెప్పు. నేను చెప్పానని కూడా చెప్పు. నాయన కంట్లో చుక్కలు వేసుకుంటున్నాడా, లేక సీసాను అలమరలో పెట్టి చూసుకుంటున్నాడా? పెనుకొండలో అవ్వ ఎలా ఉంది? నేను రోజూ తింటున్నానని అవ్వకు చెప్పు. ఏం తింటున్నానో మాత్రం చెప్పొద్దు. ఇక్కడ పప్పులో చక్కెర వేస్తారని తెలిస్తే ఆమె నన్ను తీసుకుపోవడానికి రైలెక్కుతుంది.

ఫోన్ ఉండగా ఈ కాలంలో ఉత్తరమేమిటి అంటావు. ఫోన్ చేస్తే నువ్వు మగ్గం వదలవు. ఆ చప్పుడులో నేనేం చెప్పినా "ఆఁ, సరేలే" అంటావు. ఈ సంగతికి సరేలే అంటే నేను తట్టుకోలేను. పైగా ఉత్తరంతో పాటు ఒక పార్సెల్ పంపుతున్నాను. ఉత్తరం పూర్తిగా చదివాకే దాన్ని విప్పు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మెడల్ మీద ఉన్నది నువ్వు కాదు.

నువ్విది బావకు చదివి వినిపిస్తావు, ఆయన ప్రతి ముక్కకూ ఎందుకు ఏమిటి అంటాడు కాబట్టి మొదటినుంచి రాస్తాను. నేను పనిచేసే చోట మెడల్స్, వెండి నాణేలు ఎవరు ఏం కోరితే అది తయారుచేస్తారు. కాలేజీలకు, గుళ్ళకు, పెళ్ళిళ్ళకు, సంఘాలకు. నా పని బొమ్మ గీయడం. గుండ్రటి గీత లోపల పెన్సిల్‌తో గీస్తాను. దాన్ని కంప్యూటర్లో ఉబ్బెత్తుగా లేపుతాము. ఆ ఉబ్బు గోరు మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. అంతలోనే ముక్కు, చెంప, చీర మడత అన్నీ కనిపించాలి. తర్వాత యంత్రం ఉక్కు మీద అచ్చు చెక్కుతుంది. అచ్చు చెక్కాక ఇక దిద్దడానికేమీ ఉండదు.

వచ్చినప్పటినుంచీ నాకు ఇచ్చినవన్నీ దేవుళ్ళే. అవే దేవుళ్ళు, అవే కిరీటాలు. ఇంతలో మనవైపు పట్టుచీరల వ్యాపారుల సంఘం వాళ్ళు, పాత నేతగాళ్ళను సన్మానించడానికి మెడల్ కావాలని వచ్చారు. ధర్మవరంలో సభ. నేత నేస్తున్న ఆడమనిషి బొమ్మ కావాలన్నారు. నేను ధర్మవరం పిల్లనని తెలిసి మా సర్, అంటే మా పెద్ద డిజైనరు, ఆ పని నాకిచ్చాడు. నేను ఆనందం పట్టలేక నీకు ఫోన్ చేసి మెడల్ మీద నువ్వే ఉంటావని మాట ఇచ్చేశాను. నువ్వు బావ చేత ఫోటో తీయించి పంపావు. ఆ ఫోటోలో కొత్త రవిక వేసుకున్నావు. మగ్గంలో కూర్చుని నాడె విసురుతూ కొత్త రవిక వేసుకునేవాళ్ళను నేనెక్కడా చూడలేదు. అయినా ముఖం బాగా వచ్చింది. తల వంచి, పోగు మీద చూపు పెట్టి, పెదవి కొంచెం బిగించి. అచ్చం అదే గీశాను.

సన్మానం అందుకునేవాళ్ళలో నీ పేరుందని తర్వాత తెలిసింది. నువ్వు అప్పటికే వీధంతా చెప్పావట. పక్కింటి షంషాదక్క నాకు మెసేజ్ పెట్టింది, "మీ యక్క బొమ్మ మీద మీ యక్కకే మెడలంట కదా" అని. జవాబు పెట్టకుండా ఫోన్ బోర్లా పెట్టేశాను. ఎందుకంటే అప్పటికి రెండోసారి దిద్దుబాట్లు వచ్చి ఉన్నాయి.

మొదటి దిద్దుబాటు ఏమిటో తెలుసా? ఈ మనిషికి కాళ్ళు లేవేమిటని. నడుము దగ్గర తెగిపోయినట్టుందట. గుంట మగ్గమైతే కాళ్ళు గుంటలో ఉంటాయి, నేల మీద నడుము నుంచే కనిపిస్తుందని సర్‌కు చెప్పాను. గోడ మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన తల ఊపాడు గానీ కొనేవాళ్ళకు నచ్చాలి కదా అన్నాడు. ఆ రోజు నీకు ఫోన్ చేసి కాళ్ళు అడుగుతున్నారక్కా అంటే నువ్వు నవ్వావు. "కాళ్ళు గుంటలో గాక ఇంగ యాడుంటాయే? నెత్తిన పెట్టుకోమంటారా?" అన్నావు.

రెండోసారి దిద్దుబాట్లతో బొమ్మ నిండా సామాను పెరిగింది. వెనకాల పెనుకొండ కొండ ఉండాలి. ఒక పక్క గోపురం ఉండాలి. ఇంకో పక్క నెమలి. మెడల్ అరచేతిలో పట్టేంత ఉంటుంది, అక్కా. అందులో నువ్వు, మగ్గం, కొండ, గోపురం, నెమలి, అంచు చుట్టూ సంఘం పేరు. అవ్వ ఇంటి ముందు నిలబడితే ఎంత కొండ కనిపిస్తుందో నాకు తెలుసు. దాన్ని నీ మోచేతి వెనకాల చింతగింజంత చేసి పెట్టాను. నెమలి తోకకు చోటు లేక చుట్టి పెట్టాను. విసుగొచ్చి ఒక రోజు అన్నం కూడా తినలేదు. ఇది అవ్వకు చెప్పకు.

కాళ్ళ సంగతి మాత్రం వదల్లేదు. మెడల్ మీద బొమ్మ కింద అడ్డంగా ఒక గీత ఉంటుంది. మేము నేలగీత అంటాము. దాని పైన బొమ్మ, దాని కింద మిగిలిన చిన్న చంద్రవంకలాంటి చోట అక్షరాలు. ఏ మెడలైనా అంతే. బస్సులో నిలబడి ఉండగా నాకు తట్టింది. ఆ గీత నేల అయితే, కింద ఉన్న చోటు గుంటే కదా! గీత పైన నడుము, మగ్గం. గీత కింద నీ కాళ్ళు, కాళ్ళతో తొక్కే పలకలు. ఊరి పేరు, సంఘం అధ్యక్షుడి పేరు అక్కడే కాళ్ళకు అటూ ఇటూ సర్దాను. సర్ మొదట గీత కింద బొమ్మ పెట్టేది ఎవరమ్మా అని కసిరాడు. తర్వాత కాసేపు చూసి, కళ్ళజోడు తీసి మళ్ళీ చూసి, పెట్టు అన్నాడు. ఆ సాయంత్రం వానలో తడుస్తూ నడిచి వచ్చాను. ఈ ఊరు వచ్చాక అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

నమూనా చూడటానికి సంఘం అధ్యక్షుడే వచ్చాడు. హిందూపురం ఆయన. ఫోన్లో కన్నడం, నాతో తెలుగు, సర్‌తో హిందీ. తెల్లచొక్కా, మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి మన వీధి, నాయన పేరు అన్నీ అడిగాడు. మనవాడే కదా, ఇక నా బొమ్మకు ఢోకా లేదనుకున్నాను. గుంట సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుంట తెలీకనా అమ్మా? మా యమ్మ గూడా గుంటలో కాళ్ళు పెట్టుకోనే నేసె. మేము తిన్నె కూడు ఆ గుంటదే."

నేను గెలిచాననే అనుకున్నాను. ఆయన నమూనాను వెలుతురుకు పెట్టి బొటనవేలితో నేలగీత కింద తడిమాడు.

"అయితే ఈ అచ్చరాల మద్దెన కాళ్ళేందమ్మా? ఊరి పేరుండాది, సంఘం పేరుండాది. పుస్తకానికి కాలు తగిల్తేనే కండ్లకద్దుకుంటాం. నువ్వు అచ్చరాల్లో కాళ్ళు పెట్టిచ్చి ఇంటింటికీ పంచుతాండావే."

అక్కా, ఆయన అన్నది నిజమే. చిన్నప్పుడు నా పలక మీద కాలు వేస్తే అమ్మ నెత్తిన మొట్టిన మొట్టు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పటికీ న్యూస్‌పేపర్ మీద కాలు పడితే బస్సులోనైనా వంగి దండం పెడతాను. అలాంటిదాన్ని, అన్ని రోజులు ఆ బొమ్మతో కుస్తీ పడుతూ కూడా నాకు ఆ మాట తట్టలేదు. నాకు కాళ్ళు కనిపించాయి, చోటు కనిపించింది, అక్షరాలు మాత్రం అక్షరాల్లా కనిపించలేదు. సర్‌కు తట్టకపోతే తప్పు లేదు. నేను మన ఇంట్లో పెరిగి ఇలా చేశాను.

అక్షరాలను పైకి జరుపుదామన్నాను. పైన గోపురం ఉంది. పక్కకు జరుపుదామన్నాను. కొండ తీసేస్తావా, నెమలిని తీసేస్తావా అని ఆయనే అడిగాడు. అధ్యక్షుడి పేరు తీసేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన మంచిగానే చెప్పాడు కాబట్టి ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేకపోయింది. అదే ఎక్కువ మంట.

మధ్యాహ్నానికి సర్ కంప్యూటర్లో నిన్ను గుంటలోంచి ఎత్తి నేల మీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టాడు. బాసింపట్టు వేసుకుంటే మగ్గం తొక్కేదెవరు అని అడిగితే ఎవరూ వినలేదు. వంచిన తల పైకి ఎత్తారు. చూసేవాళ్ళ వైపు నవ్వుతోంది. పోగు మీద చూపు లేదు. చెవులకు జుంకాలు, మెడలో హారం. ఆమె బాగానే ఉంది. ఏ పెళ్ళికో వచ్చి మగ్గం దగ్గర ఫోటో దిగినట్టు ఉంది. నువ్వు మాత్రం కాదు.

ఇక్కడ ఇంకొకటి ఉంది. బొమ్మ గీసినవాళ్ళ పొడి అక్షరం మెడల్ మీద ఒక మూల ఆవగింజంత పెడతారు. కొత్తవాళ్ళకు పెట్టరు. సర్ నాకు చెప్పకుండా, సంతోషపెడదామని, ఆ నవ్వే ఆమె మోకాలి పక్కన "గి" అని పెట్టించాడు. అందరూ చప్పట్లు కొట్టి పేడాలు పంచారు. నాయన అన్ని ఏళ్ళు చీరలకు గళ్ళకాగితం మీద బుటాలు వేశాడు, ఏ చీర మీదా ఆయన పేరు లేదు. నాకు ఒక్కసారైనా పడాలని ఎంత ఆశపడ్డానో నీకు తెలుసు. తీసేయమని అడిగాను. అప్పటికే ఉక్కు మీద చెక్కేశారట. సర్‌కు కోపం వచ్చింది. ఇది పొగరు అనుకున్నాడు. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చి పేడా తిన్నాను.

సభలో నీకు పెట్టె ఇస్తారు. వీధిలోవాళ్ళంతా నీ చుట్టూ మూగుతారు. విప్పాక నీ ముఖం ఎలా ఉంటుందో అని ఈ వారమంతా అదే ఆలోచన. అందుకే ముందుగా రాస్తున్నాను. షంషాదక్కకు నువ్వే చెప్పు, లేదా నా మీద నెట్టెయ్. మా చెల్లెలికి బొమ్మలు రావు అను, నాకేం బాధ లేదు. మెడల్ మాత్రం తీసుకో. అది నీ నేతకు ఇస్తున్నది, నా గీతకు కాదు.

ఇప్పుడు పార్సెల్ విప్పు. మెల్లగా విప్పు, అది ప్లాస్టర్. నీ పాత ఆకుపచ్చ చీర ముక్కలో చుట్టాను. అన్నం పళ్ళెమంత ఉంటుంది. ఆదివారాలు హాస్టల్లో కూర్చుని చేతితో చేశాను. ఈ వానకు అది ఆరక, గదంతా తెల్లపిండి పడి, నాతో ఉండే మరాఠీ అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. నువ్వు శెనక్కాయ పొడి పంపితే ఆమెకు పెట్టి రాజీ పడతాను. కారం కొంచెం తగ్గించు.

అందులో కొండ లేదు, నెమలి లేదు. నువ్వు, మగ్గం, నేలగీత, గీత కింద నీ కాళ్ళు. అక్షరం ఒక్కటి కూడా లేదు. నీ పేరు లేదు, ఊరి పేరు లేదు. మూలన "గి" కూడా గీసి, మళ్ళీ నున్నగా గీకేశాను. కాళ్ళున్న చోట అక్షరం పెట్టకూడదు కదా. కాళ్ళే ఉండనీ అనుకున్నాను.

ఒక్క సాయం చెయ్యి. ఫోటోలో గుంట అంతా చీకటి, కాళ్ళు కనిపించలేదు. గుంట అంచున కూర్చుని బొరుగులు తింటూ చూసిన గుర్తుతో చేశాను. మట్టెలు తీసి నేస్తావా, పెట్టుకునే నేస్తావా, ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. పెట్టుకున్నట్టే చేశాను. కుడికాలు ముందుకు పెట్టాను, అది కూడా అనుమానమే. బావ చేత గుంటలోకి టార్చి వేయించి చూసుకో. తప్పుంటే మొహమాటపడకుండా చెప్పు. ఇన్ని రోజులూ ఎవరెవరో చెప్పినవన్నీ దిద్దాను. నువ్వు చెప్పింది ఒక్కటి కూడా దిద్దలేదు.

నాయనకు, బావకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. పెనుకొండ పోయినప్పుడు అవ్వ చేతిని నా బదులు నీ నెత్తిన పెట్టించుకో. నేను బాగానే ఉన్నాను, ఇది రెండోసారి రాస్తున్నాను కాబట్టి నమ్ము.

నీ కాళ్ళకు దండం పెడుతూ,
నీ చెల్లెలు
గిరిజ