తోలు సంచుల్లో పెట్టకు

అమ్మడూ,

నువ్వు లేచేసరికి నేను సరుకు కోసం రైలెక్కేసి ఉంటాను. నీ కెమెరా లెన్సుల్లో బాగున్న నాలుగూ తోలు సంచుల్లోంచి తీసి, మూత బిగుసుకునే డబ్బాలో పెట్టాను. తోలు చెమ్మని వదలదు. చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు పది వేశాను. వానలు తగ్గేదాకా మూత ఊరికే తియ్యకు. "నీకు కెమెరాల గురించేం తెలుసు నాన్నా" అన్నావు మొన్న. చెప్పుల కొట్టువాణ్ణి, చెమ్మ గురించి తెలుసు.

నాన్న

బూజుపట్టిన పాత లెన్సుని విడిగా గూట్లో పెట్టాను. మిగతావాటితో కలిపితే వాటికీ పాకుతుంది. నిన్న నువ్వు దాంతో తీసిన ఫొటోలో మీ అమ్మ కిటికీ దగ్గర పొగమంచులో నిలబడినట్టుంది. పెళ్లికి ముందు నా కలల్లోకి అచ్చం అలాగే వచ్చేది. అలాంటిది ఇంకొక్కటి తీశాకే శుభ్రం చేయించు.