బ్యానర్ మధ్యలో మూరెడు చోటు

తెనాలి,
ఆదివారం.

హనుమాన్‌ప్రసాద్ అన్నయ్యగారికి నమస్కారం.

రేపల్లెలో మీ కళాసమితి తరఫున నాకు సన్మానం చేస్తామని మీరు ఫోన్ చేసినప్పుడు నిజంగానే సంతోషించానండి. ఇన్నేళ్లు నాటకాలు వేశాను, మట్టిబొమ్మలు చేశాను, నిజాంపట్నంలో జాలర్ల పిల్లలకి పాటలు నేర్పాను. ఏ ఊళ్లో ఏ పని పడినా "అక్కగారున్నారుగా, చేసేస్తారు" అన్నారే గాని, కాసేపు కూర్చోమన్నవాళ్లు లేరు.

మర్నాడు మళ్లీ ఫోన్ చేశారు. ఫ్లెక్సీ అయితే అందంగా ఉండదు, స్టేజి వెనక కట్టే బ్యానర్ గుడ్డ మీద మీరే రాయండమ్మా అన్నారు. సరే అన్నాను. తర్వాత ప్రార్థన పాడమన్నారు. నిన్నేమో సభ అయ్యాక వేసే నాటకానికి మేకప్ కూడా చూడమన్నారు. "బయటివాళ్లెందుకమ్మా, మీరున్నారుగా" అన్నారు. కోపం రాలేదు అన్నయ్యగారూ, అలుపొచ్చింది.

ప్రార్థన పాడతాను. మేకప్పూ వేస్తాను. బ్యానర్ ఈ ఉదయం బస్సుకి పంపిస్తున్నాను. మడత పెడితే రంగు పగులుతుంది, చుట్టే ఉంచండి. సమితి పేరు, తేదీ, అంచున తీగలు అన్నీ వేశాను.

మధ్యలో మాత్రం మూరెడు చోటు ఖాళీగా ఉంటుంది. మర్చిపోయి కాదండి. అక్కడ పడాల్సింది నా పేరు. అక్షరాలు వంకర పోయినా పర్లేదు, అదొక్కటీ ఇంకెవరి చేతనైనా రాయించండి.

ఉంటానండి,
మీ చెల్లెలు.