దారం పట్టిన పెన్ను

అక్కా,

నీ కమాను పూర్తయింది. చెక్క మీద మేకులు కొట్టి, దారంతో నువ్వు సగం అల్లి వదిలేసిన మన ఆర్ట్స్ కాలేజీ కమాను బొమ్మే. నువ్వు పోయాక ఏడాదిగా దాని జోలికి వెళ్ళలేదు. మేకుల సందుల్లో నా లావు వేళ్ళు దూరవు. దారం కాస్త వదులైనా నువ్వు చుట్టిందంతా ఊడిపోతుందని భయం.

మొన్న క్యాంపస్ వర్క్‌షాపులో యాదగిరన్నతో చెప్పుకున్నాను. "వేళ్ళతోని ఎందుకమ్మా? దారం గీ గొట్టంలకెల్లి తియ్యి" అని ఖాళీ బాల్‌పెన్ను చేతిలో పెట్టాడు. దారం సులువుగానే వచ్చింది గానీ, చెయ్యి ఆపితే వదులయ్యేది. అప్పుడు నాకే తట్టింది. గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి గొట్టం వెనక కుక్కాను. దారం దాన్ని ఒరుసుకుంటూ బిగువుగా వచ్చింది. నువ్వుంటే "గింత తెలివి ఎక్కడ దాచినవే?" అనేదానివి.

ఇవాళ పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నానికి అయిపోయింది. నువ్వు చుట్టిన వరసల్లో ఒక్కటీ జారలేదు. ఎంత హాయిగా ఉందో!

ఏడాదిగా నీ దారం కొసను పట్టుకుని ఉన్న బట్టల క్లిప్పును తీసేశాను. దాంతోనే బాల్కనీలో నీ టవల్ ఆరేశాను. నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి ఉతికాను.