అరల్లో పరిచిన కాగితాలు

సెప్టెంబర్ 4, గురువారం

ఫారం వచ్చింది. ఏటా వచ్చేదే. వైకల్యం ఉన్న పిల్లల్లో ఎవరికి స్కూలు ఏ సాయం చేస్తోందో టిక్కు పెట్టి పైఆఫీసుకు పంపాలి. నా పద్ధతి ఒకటే. నిరుటి షీటు తెరవడం, పైన సంవత్సరం మార్చడం, పంపెయ్యడం. ఇరవై నిమిషాల పని. పన్నెండేళ్లుగా ఈ స్కూలు ఆఫీసులో గుమాస్తాను. ఎవరూ వేలెత్తి చూపలేదు.

సెప్టెంబర్ 8, సోమవారం

లెక్కల టీచరమ్మ వచ్చింది. తన క్లాసులో చూపు సరిగా ఆనని అమ్మాయి ఒకతి ఉంది. ఈ ఏడు పబ్లిక్ పరీక్ష రాయాలి. ఆ పిల్లకు గంట అదనపు టైమూ, పెద్దక్షరాల ప్రశ్నాపత్రమూ వస్తాయి కదా అని అడిగింది. షీటు తెరిచాను. 'సాయం: లేదు'. నిరుడూ లేదు. అంతకు ముందేడూ లేదు. ఆ కాలమ్‌లో 'ఉంది' అని ఉన్నవాళ్లకే పరీక్షలో ఏదైనా ఇస్తారు.

టీచరమ్మ అందుకుంది. ఇక ఆగలేదు. మూడేళ్లుగా బోర్డు మీద రాసే ప్రతి ముక్కా పైకి చదువుతూ రాస్తోందట. ఆదివారం ఆదివారం ఇంట్లో కూర్చుని, ఆ వారం లెక్కలన్నీ పెద్ద కాగితం మీద మార్కర్‌తో రాసి ఇస్తోందట. ఇది సాయం కాకపోతే మరేమిటండీ అంది. రికార్డుందా అన్నాను. కన్నబిడ్డకు అన్నం పెట్టి రిజిస్టర్లో రాసుకుంటామా అంది.

ఆవిడ మాట నిజమే. ఫారానికి ఆ మాట పట్టదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

రూల్సు చదివాను. ఇన్నేళ్లలో మొదటిసారి. ఈ ఆగస్టు ఆఖరుకు ముగిసిన ఏడాదిలో ఏవైనా పది వారాలు సాయం చేసినట్టు తేదీ ఉన్న కాగితాలు చూపించాలి. గడువు ఈ నెల పందొమ్మిది.

మా హెడ్మాస్టరు, అదే పెద్దసారు, తేలిగ్గా తేల్చేశాడు. పాత తేదీలు వేసి ఓ పది కాగితాలు రాసి పడేస్తే పోలా అన్నాడు. నిజంగా చేసినదానికి దొంగ సాక్ష్యం ఎందుకండీ అని టీచరమ్మ కస్సుమంది. పెద్దసారుకు అప్పుడే ఫోనొచ్చింది. మోగినట్టు మాత్రం నాకు వినపడలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

ఆ క్లాసు నా కిటికీకి ఎదురుగానే ఉంది. మూడేళ్లలో ఒక్కసారి లేచి వెళ్లి అడగలేదు. సిగ్గేసింది.

సెప్టెంబర్ 11, గురువారం

అమ్మాయిని పిలిచి, ఆ పెద్ద కాగితాలన్నీ ఏం చేశావమ్మా అన్నాను. పాఠం అయిపోగానే అమ్మకు ఇచ్చేస్తానంది. మంచి దళసరి కాగితం కదా సార్, అమ్మ వంటింటి అరల్లో పరిచేస్తుంది అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సెప్టెంబర్ 13, శనివారం, సాయంత్రం 4

వాళ్లింటికి వెళ్లాను. తల్లి బట్టలు కుడుతుంది. నన్ను చూడగానే పిల్ల ఏం తప్పు చేసిందోనని కంగారుపడింది. సంగతి చెప్పాక ఇంకా కంగారుపడింది. అయ్యో నా మతి మండ, వాటి మీద నూనె డబ్బాలు పెట్టానే అంది. ముగ్గురం కలిసి డబ్బాలు దించాం. ఉప్పు, పప్పులు, టీ పొడి.

టీచరమ్మకు ఒక అలవాటుంది. ఏం రాసినా ముందు కుడి మూలలో తేదీ వేస్తుంది. నూనె మరకల్లోంచి తేదీలు శుభ్రంగా కనిపిస్తున్నాయి. అమ్మాయి ఒక్కో కాగితాన్నీ ముక్కుకు ఆనించుకుని, ఇవి సమీకరణాలు, ఇవి వృత్తాలు అని చెబుతోంది. చదివి చెబుతోందో, వాసన చూసి చెబుతోందో అడగండి సార్ అని తల్లి ఆటపట్టించింది.

ఈ ఏడాదివి తొమ్మిది వారాలవి దొరికాయి. మిగతావి చిరిగిపోతే పారేసిందట.

తొమ్మిది చాలవు.

సెప్టెంబర్ 15, సోమవారం

పెద్ద కాగితం, మార్కర్, రెండూ నా సొరుగులోనే ఉన్నాయి. ఒక్క తేదీ. ఎవరికి తెలుస్తుంది? మార్కర్ మూత కూడా తీశాను. టీచరమ్మ మాట గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టాను.

సెప్టెంబర్ 16, మంగళవారం, ఉదయం 10

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. గుమ్మానికి భుజం కొట్టుకుని మరీ. లెక్కల పుస్తకం నా బల్ల మీద పెట్టి అట్ట విప్పమంది. విప్పాను. అట్ట వేసిందే ఆ కాగితంతో. లోపలివైపు, మూలలో, జులై 6.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం. నేను గట్టిగానే నవ్వాను. పక్క గదిలోంచి పెద్దసారు తొంగిచూశాడు.

సెప్టెంబర్ 18, గురువారం

పదీ స్కాన్ చేశాను. మెషీన్ అద్దానికి నూనె అంటింది. 'సాయం: ఉంది'. మిగతా పద్నాలుగు మంది పిల్లల గురించి క్లాసు క్లాసుకూ తిరిగి అడిగాను. మూడు వరసలు తప్పు. దిద్దాను. ఇరవై నిమిషాల పని రెండు వారాలు పట్టింది.

అక్టోబర్ 6, సోమవారం

మంజూరు లెటర్ వచ్చింది. గంట అదనం. పెద్దక్షరాల పేపరు. లెటర్లో అక్షరాలు మాత్రం చీమ తలకాయంత ఉన్నాయి. అమ్మాయి ముక్కుకు ఆనించుకుని చూసి, ఏం రాశారు సార్ అంది.

సొరుగులోంచి పెద్ద కాగితం, మార్కర్ తీశాను. ముందు కుడి మూలలో తేదీ వేశాను.