చాయ్ సైగ

బాపూ,

నువ్వు పోయాక ఇదే తొలి నవరాత్రి. కరోనా వల్ల ఈసారి మైదానాల్లో గర్బా లేదు. కాలేజీ నన్ను ఇంటర్న్‌గా పంపిన డాన్స్ స్టూడియో నుంచి ఫోన్లలోకి లైవ్ ఇస్తున్నాం. కెమెరా వెనక నోరెత్తకూడదు. అందుకే, కార్ఖానాలో బట్ట నేసే సాంచాల మోతలో మాట వినబడక నువ్వు చేసే సైగలన్నీ ఆడే అమ్మాయిలకు నేర్పాను. ఎవరి చున్నీ అయినా జారితే ‘దారం తెగింది’ అని సైగ చేస్తాను. నవ్వాపుకుంటూ సర్దుకుంటారు.

నిన్న ఆట ముగిశాక, అల్లరి పిల్లలు, అందరూ కెమెరా వైపు తిరిగి బొటనవేలు మాస్కుకు ఆనించి నీ చాయ్ సైగ చేశారు!

అమ్రోలీలో మన ఇంటికి చేరేసరికి పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. ఫోన్లో అంతా చూసిన అమ్మ ఒకటే నవ్వు.

“మీ బాపు చాయ్ అడిగిండు గదనే, పెట్టిన.”