దేవరాజులు ఇంజనుకు వేడి చేసింది

పుంగనూరు,
6 మార్చి 1947

మహారాజశ్రీ దేవసహాయం గారికి,

పుంగనూరు దేవరాజులు చేతులు జోడించి రాసుకున్నది. పోయిన ఏడు పలమనేరు దారిలో బస్సు ఆగిపోతే మీరు చొక్కా విప్పి దాని కిందికి దూరి నడిపించారు. పక్కన నిలబడి మీకు సలహాలు చెప్పింది నేనే. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కరెంటు ఇంజను చూసుకునేది మీరేనని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నేనూ ఇంజను గలవాణ్ణి. చుట్టుపక్కల పది ఊళ్లలో ఇదొక్కటే. యుద్ధం ముగిశాక మదరాసులో వేలం వేసిన సామాను. కుప్పం వ్యాపారి లక్ష్మయ్య తెప్పించాడు, నేను కొన్నాను. కుప్పం స్టేషను నుంచి ఎద్దుల బండిలో మూడు రోజులు వచ్చింది. రెండు రోజుల్లోనే రావచ్చు గానీ, ప్రతి ఊళ్లోనూ బండి ఆపి దుప్పటి తీసి చూపించాను. బావి దగ్గర పంపుకు తగిలించాము. నీళ్లు నా తొడ లావున పడుతున్నాయి.

ఒక్కటే సంగతి. అరగంట తిరిగేసరికి ఒళ్లంతా కాలిపోయి ఆగిపోతుంది. దీన్ని లోపమని నేను అనడం లేదు. గొప్ప ఇంజనుకు ఆ మాత్రం కోపం ఉంటుంది. కానీ రెండెకరాల చెరకు ఎండుతోంది. అంతకన్నా పెద్ద చిక్కు వెంకటముని. ముప్పయ్యేళ్లుగా మా బావి మీద ఎద్దులను కట్టి, తోలు బానతో నీళ్లు తోడే కపిల పని అతనిదే. "ఈ ఇనప గుండు చెరకు తడపల్లేదప్పా" అన్నాడు. నాకు రోషం వచ్చి, పశువుల పరసలో, అంత సంతలో, అందరి ముందరా మాటిచ్చేశాను. చైత్ర పౌర్ణమి నాడు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తిరిగి ఇంజనే చెరకంతా తడుపుతుంది. అలా జరగకపోతే తలపాగా తీసేసి, బండి ముందర నడిచి, దాన్ని కుప్పంలో దింపి వస్తాను. మా తాత కాలం నుంచి తలపాగా లేకుండా వీధిలోకి వచ్చిన మగవాడు మా ఇంట్లో లేడు.

ఇట్లు,
ఇంజను దేవరాజులు

తా.క.: మా ఇంటిది మునెమ్మ నిన్న ఇంజను మీద పాలు కాచింది. పొయ్యి కన్నా నయమని ఊరంతా చెబుతోంది.

మదనపల్లె,
10 మార్చి

సోదరులు దేవరాజులు గారికి,

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ సలహాలు బాగా గుర్తున్నాయి. మీరు ఊరుకుని ఉంటే ఆ బస్సు ఇంకా ముందే కదిలేది.

పదహారేళ్లుగా ఈ ఆసుపత్రిలో ఆపరేషను మధ్యలో దీపం ఆరిపోయింది లేదు. మా డాక్టర్లయినా రోగిని చూడందే జబ్బు చెప్పరు. నేను ఇంజనును చూడకుండానే చెప్పగలను. మొదట ఆయిలు చూడండి. తర్వాత ముందు భాగాన ఉండే రేడియేటరు నిండా నీళ్లు పోయండి. దాని వెనక ఫ్యాను బెల్టు వదులయిందేమో వేలితో నొక్కి చూడండి. రేపటికల్లా చల్లబడుతుంది.

మీ శ్రేయోభిలాషి,
దేవసహాయం

తా.క.: ఇంజను తిరిగేటప్పుడు వేలు పెట్టవద్దు. మామూలుగా ఈ మాట ఎవరికీ రాయను. మీకు రాయాలనిపించింది.

పుంగనూరు,
14 మార్చి

మహారాజశ్రీ దేవసహాయం గారికి,

దేవరాజులు నమస్కారం. ఆయిలు నిండుగా ఉంది. రేడియేటరు కోసం ముగ్గురం ఒక పూటంతా వెతికాం. లేదు. ఫ్యానూ లేదు. మీ ఆసుపత్రి ఇంజనుకు అవన్నీ ఉంటే ఉండవచ్చు, రోగుల మధ్య ఉంటుంది గనక. మాది యుద్ధానికి పోయి వచ్చింది, ఎందుకు విసనకర్ర?

అయినా మీరు చల్లబడాలన్నారు కాబట్టి చలువ చేయించాను. తల మీద ఆముదం పెట్టి, తడి గోనెపట్టాలు కప్పి, రెండు రోజులు ఎండ తగలకుండా పందిరి కింద ఉంచాం. మూడో రోజు తిప్పితే గోనెపట్టా అంటుకుంది. "వేడి పైన లేదప్పా, లోపల ఉండాది" అన్నాడు వెంకటముని. నవ్వలేదు గానీ, నవ్వినట్టే అన్నాడు.

ఇది మంచి జాతి ఇంజనని మీరు నమ్మడానికి ఒక గుర్తు చెబుతాను. పక్కన ఇత్తడి బిళ్ల మీద నాగలి బొమ్మ చెక్కి ఉంది. మన నాగలికి ఒక కర్రే. దానికి అటొకటి ఇటొకటి, రెండు కర్రులు. తల దగ్గర తాడు కట్టుకోవడానికి ఉంగరం కూడా ఉంది. సేద్యానికే చేసిన ఇంజనని ఆ బొమ్మ చూసే కొన్నాను. ఇక అడుగున బొటనవేలు లావు గొట్టం ఒకటి ఊరికే వేలాడుతోంది. తేళ్లు దూరతాయని గుడ్డ కుక్కాను.

ఇట్లు,
ఇంజను దేవరాజులు

తా.క.: చైత్ర పౌర్ణమికి ఇంకా మూడు వారాలు. తలపాగాకు కొత్త గుడ్డ తీసుకుందామని మునెమ్మ అడిగింది. కాస్త ఆగమన్నాను.

మదనపల్లె,
18 మార్చి

సోదరులు దేవరాజులు గారికి,

వందనాలు. మీ ఉత్తరం మా ఇంటామె రాహేలుకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి చదవలేకపోయాను, ఇద్దరం నవ్వుతున్నాం.

అది నాగలి కాదు. ఉంగరమూ రెండు కర్రులూ ఉండేది లంగరు. ఓడలు, పడవలు కొట్టుకుపోకుండా నీళ్లలోకి వదిలేది. మీరు కొన్నది మోటారు పడవ ఇంజను. పడవ పొట్టలో కూర్చుని, ఆ గొట్టంతో సముద్రపు నీళ్లు పీల్చి, ఒళ్లంతా తిప్పుకుని, వేడయ్యాక బయటికి వదిలేస్తుంది. చుట్టూ సముద్రం ఉండగా దానికి రేడియేటరు ఎందుకు? మీరు దాని నోట్లో గుడ్డ కుక్కారు. వెంటనే తీసేయండి. తిరిగినంతసేపూ ఆ గొట్టానికి నీళ్లు అందుతుండాలి, ఒక్క క్షణం ఆగకూడదు.

చూడకుండానే చెబుతానన్నాను, చెప్పాను.

మీ శ్రేయోభిలాషి,
దేవసహాయం

తా.క.: మళ్లీ గోనెపట్టాలు కప్పవద్దు. ఆముదం తుడిచేయండి.

పుంగనూరు,
24 మార్చి

మహారాజశ్రీ దేవసహాయం గారికి,

పడవ ఇంజను దేవరాజులు నమస్కారం. ఉత్తరం రాగానే ఊళ్లో చదివించాను. సముద్రం మీద తిరిగిన ఇంజను ఈ జిల్లాలో ఇంకెవరికైనా ఉందా అని అందరినీ అడిగాను. ఎవరికీ లేదట.

మీరు చెప్పినట్టే చేశాం. పక్కన పీపా పెట్టి గొట్టం అందులో ముంచాం. ఎంత పోసినా గుటకలు వేస్తుంది. బిందెలతో మోసి మునెమ్మ నడుము పట్టేసింది. అందుకని వెంకటముని ఎద్దులను మళ్లీ కపిలకు కట్టించాను. ఎద్దులు నీళ్లు తోడి ఇంజనుకు పోస్తాయి. ఇంజను నీళ్లు తోడి చెరకుకు పోస్తుంది. బ్రహ్మాండంగా నడుస్తోంది. మధ్యాహ్నం ఎద్దులు మేతకు పోయినప్పుడు మటుకు ఇంజనుకు కూడా విరామం.

వెంకటముని అడిగాడు: "నీ ఇంజను పనిచెయ్యాలంటే నా ఎద్దులు పనిచెయ్యాల. మరి ఇంజను యాలప్పా?"  పరసలో నేను అన్న మాట 'ఇంజనే' అని. ఎద్దులు సాయం పడితే పందెం చెల్లదంటున్నారు. నాకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

ఇట్లు,
దేవరాజులు

తా.క.: సముద్రానికి అలవాటుపడిన ఇంజను కదా, మా బావి నీళ్లు చప్పగా ఉంటాయని పీపాలో రెండు పడుల ఉప్పు కలిపిస్తున్నాను. చాలునా?

మదనపల్లె,
28 మార్చి

సోదరులు దేవరాజులు గారికి,

ఉప్పు ఆపండి. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు పోయి ఆపండి. ఇనుము తుప్పుపట్టిపోతుంది. రెండు పీపాల మంచినీళ్లు తాగించి కడగండి.

నేనే వద్దామనుకున్నాను గానీ, ఆసుపత్రిలో నా బదులు చూసేవాడు లేడు. పదో తేదీ దాకా సెలవు దొరకదు. అప్పుడు పాత బస్సు రేడియేటరు ఒకటి సంపాదించి తెచ్చి బిగిస్తాను. అంతవరకు ఊరివాళ్లను గడువు అడగండి. ఈ ఇంజను తప్పేమీ లేదు. పడవ ఏ నీళ్లను తోసుకుంటూ పోతుందో ఆ నీళ్లనే తాగుతుంది, అంతే దానికి తెలిసింది. గట్టు మీద దానికి నీళ్లెక్కడివి?

మీ,
దేవసహాయం

తా.క.: ఇంకొకటి చెప్పేస్తే బరువు తగ్గుతుంది. నేను సముద్రం చూడలేదు. హార్స్లీ హిల్స్ మీదికెక్కితే కనిపిస్తుందని చిన్నప్పుడు ఎవరో చెబితే ఎక్కాను. కనిపించలేదు. మిగిలిందంతా పుస్తకంలో చదివిందే.

పుంగనూరు,
6 ఏప్రిల్

మిత్రులు దేవసహాయం గారికి,

దేవరాజులు నమస్కారం. గడువు అడగడం నా వల్ల కాలేదు. దానికన్నా కుప్పం దాకా నడవడం నయమనుకున్నాను.

పౌర్ణమి ముందు రోజు బావి గట్టున కూర్చుని మీ ఉత్తరం మళ్లీ చదువుకుంటున్నాను, కాస్త పైకే. వెంకటముని ఎద్దులను నిలిపి దగ్గరికొచ్చాడు. "ఆ మాట మళ్లీ సదువప్పా. యా నీళ్లు తోస్తాదో ఆ నీళ్లే తాగుతాదా?" అన్నాడు. చదివాను. అతను లేచి, పీపాలోంచి గొట్టం పీకి, పంపు నీళ్లు పడే రాతి తొట్టిలో ముంచాడు. అంతే, దేవసహాయం గారూ. వేరే పనేమీ లేదు.

"నా ఎద్దులు తోడిన నీళ్లలో మొదటి గుక్క వాటికే. ముప్పయ్యేండ్లుగా ఈ తొట్టిలోనే తాపిస్తాండాను. నువ్వు సూడలేదా?" అన్నాడు. "పనిచేసేదాన్ని ఎండగట్టి చెరకుకు పోస్తే, కాగిపోకుండా ఏం చేస్తాది?"

చూశాను. ముప్పయ్యేళ్లు చూశాను. ఇనుముకు కూడా ఆ న్యాయమేనని తట్టలేదు.

నిన్న పౌర్ణమి. తెల్లవారి తిప్పిన ఇంజను పొద్దుగూకేదాకా ఆగలేదు. మధ్యాహ్నం దాని మీద చెయ్యిపెట్టి అందరికీ చూపించాను. చివరి సాలు తడిసేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. పందెం నాదేనన్నారు. ఓడిపోతానని తెలిసి కూడా ఆ గొట్టం తొట్టిలో పెట్టాడు వెంకటముని. చెరకు ఎండుతుంటే చూడలేక పెట్టాడు. నేనైతే పెట్టేవాణ్ణి కాదు.

అందరి ముందరా తలపాగా తీశాను. అతని తలకు చుట్టాను. వద్దు వద్దంటూనే సరిచేసుకున్నాడు. మా ఇంట్లో వట్టి తలతో వీధిలో నడిచిన మొదటి మగవాణ్ణి నేనే. ఇంత గర్వంగా ఎప్పుడూ నడవలేదు.

ఇక ఇంజను అతని చేతికే ఇచ్చాను. ఎద్దులనాపి ఇంజను తిప్పుతున్నాడు, కపిల పాటలు మటుకు ఆపలేదు. రేడియేటరు తేవద్దు. పదో తేదీకి రాహేలమ్మను తీసుకుని భోజనానికి రండి. ఇంత దూరం నుంచి లంగరును గుర్తుపట్టిన మనిషిని ఊరు చూడాలంటోంది. సముద్రం మీరూ చూడలేదు, నేనూ చూడలేదు. చూసొచ్చింది మా ఇంజనొక్కటే. దాని పక్కన కాసేపు కూర్చుందాం.

మీ,
దేవరాజులు

తా.క.: ఇంజనులోంచి బయటికొచ్చే నీళ్లతో ఊరి ఆడవాళ్లంతా తలంట్లు మొదలుపెట్టారు. మరీ గోరువెచ్చగా ఉన్నాయట, వేడి చాలడం లేదట. శనివారం ఒక్కరోజు ఇంజను ఇదివరకటిలాగా కాగేటట్టు చేయడానికి వీలుంటుందా అని మునెమ్మ మిమ్మల్ని అడిగి రాయమంది.